బానెట్ ఎవరు తెరవాలి?

మన పత్రికలో చట్టాల గురించి, తీర్పుల గురించి, పోలీసు స్టేషన్లలో మనకి ఎదురయ్యే అనుభవాల గురించి ఎన్నో రాసుకున్నాం. ఈసారి నేను ఒక కారు బానెట్ గురించి రాస్తున్నాను. ఇది కూడా హక్కుల సమస్యేనా అని మిత్రులు నవ్వుకోవచ్చు. మా కార్యవర్గ సమావేశంలో నేను ఈ మాట ఎత్తినప్పుడు ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆ రోజు పట్టిసీమలో నాతోపాటు కారులో ఉన్నవాళ్లు మాత్రం నవ్వలేదు.

పోయిన ఏడాది దసరా వెళ్లిన వారం. పోలవరం అవతల ఒక ఊరి నుంచి (ఊరి పేరు రాయను) ఒకామె మూడేళ్ల బిడ్డతో బయటపడాలనుకుంది. నెల రోజులుగా పక్కింటి ఫోను నుంచి మాతో దొంగచాటుగా మాట్లాడుతోంది. భర్త కొట్టడమే కాకుండా బయటికి వెళ్లేటప్పుడు తలుపుకి గొళ్లెం పెట్టి పోయే మనిషి. అతను రెండు రోజులు ఊళ్లో ఉండడని తెలిసి తెల్లవారుజామున బండి తీసుకుని వెళ్లాం. నేనూ, ఇంకో కార్యకర్తా, బండి నడిపే అమ్మాయీ. ఈ అమ్మాయి మా సంస్థ పెట్టిన శిక్షణలోనే డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుని మా దగ్గరే పనిలో చేరింది. మా బండి నడిపేది ఆడపిల్లేనని ప్రతి సభలోనూ చెప్పుకుని మురిసిపోతుంటాం.

ఆమెనీ బిడ్డనీ ఎక్కించుకుని పోలవరం దాటి, ఏటి పక్క రోడ్డు మీద కొవ్వూరు వైపు వస్తున్నాం. కొవ్వూరు దగ్గర వంతెన ఎక్కామంటే రాజమండ్రి. అక్కడ ఆమెకి ఆశ్రయం సిద్ధంగా ఉంది. పట్టిసీమ దగ్గరకొచ్చేసరికి బండిలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. ముందు నుంచి ఆవిరి లేచింది. రేవుకి ఎదురుగా రోడ్డు పక్కన ఆపేశాం. ఆ అమ్మాయి కుడి మోకాలి పక్కన, డాష్‌బోర్డు కింద ఉన్న లివర్ లాగింది. లివర్ తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. రావలసిన 'టక్కు'మన్న చప్పుడు రాలేదు. దిగి చూస్తే బానెట్ కదల్లేదు. మళ్లీ లాగింది, మళ్లీ దిగింది. నాలుగోసారి నా మొహం చూసింది. నా చదువూ, పాతికేళ్ల సంఘం పనీ ఆ నిమిషంలో ఆ పిల్లకి ఎందుకూ పనికిరాలేదు. లివర్ అనేది ఒకటుందని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

పట్టిసీమ రేవు ఎలాంటి చోటో తెలిసినవాళ్లకి తెలుసు. ఏటి మధ్య కొండ మీద వీరభద్రస్వామి గుడి. శివరాత్రికి ఇసక వేస్తే రాలనంత జనం, మామూలు రోజుల్లో కూడా పడవ కోసం చూసేవాళ్లు, కొబ్బరికాయలమ్మేవాళ్లు ఉంటారు. ఆగిన కారూ, పక్కన నిలబడ్డ ఆడవాళ్లూ కనిపిస్తే చాలు కదా. పావుగంటలో పదిహేను మంది పోగయ్యారు. ఒకాయన "మీరు పక్కకి జరగండమ్మా" అని పిడికిలితో బానెట్ మీద దబదబా బాదాడు. ఇంకొకాయన ఇనపకమ్మీ తెచ్చి సందులో పెట్టి ఎత్తబోతే అంచు వంగింది గానీ బానెట్ తెరుచుకోలేదు. ఒక కుర్రాడు మా అమ్మాయిని లేపి తను డ్రైవరు సీట్లో కూర్చుని బలమంతా పెట్టి లివర్ లాగాడు. ప్లాస్టిక్ పిడి విరిగి అతని చేతిలోకి వచ్చింది. "పాత బండండి" అని దాన్ని నా చేతిలో పెట్టాడు.

వాళ్లెవరూ దుర్మార్గులు కాదు. సాయం చేద్దామనే వచ్చారు. అయితే సాయం చేసేవాళ్లు ప్రశ్నలు కూడా అడుగుతారు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎవరింటికి వెళ్లారు, పొద్దున్నే ఏం పని. వెనకసీట్లో కొంగు మొహం మీదికి లాక్కుని, బిడ్డని ఒళ్లో అదుముకుని కూర్చున్న మనిషి వైపు ఒక్కొక్కరూ అద్దంలోంచి తొంగి చూశారు. ఒకడు "ఎవరి తాలూకమ్మా మీరు?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. బిడ్డ మాత్రం వాళ్ల నాన్న పేరు చెప్పింది.

చివరికి ఆ బానెట్ ఎలా తెరుచుకుందో చెబుతాను. పడవ నడిపే ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి దూరంగా నిలబడి చూస్తున్నాడు. గుంపు కాస్త పలచబడ్డాక దగ్గరకొచ్చి, "బాదితే రాదండి. ఒకళ్లు లోపల లాగాలి, ఒకళ్లు బైట నొక్కాలి. ఆయ్, అంతేనండి" అన్నాడు. పడవలోంచి కటింగ్ ప్లేయరు తెచ్చి మా అమ్మాయికిచ్చాడు. "అమ్మాయ్, పిడి పోయినా తీగ ఉంది కదా, దాన్ని గట్టిగా పట్టుకుని లాగి, వదలకుండా ఉంచు" అన్నాడు. ఆయన బానెట్ ముందు అంచు మధ్యలో రెండు అరిచేతులూ ఆనించి కిందికి నొక్కి వదిలాడు. టక్కుమంది. అర నిమిషం కూడా పట్టలేదు. లోపల చూస్తే రేడియేటరు గొట్టానికి ఉన్న క్లిప్పు వదులై నీళ్లు కారిపోయాయి. వెంటనే రేడియేటరు మూత తీయబోతున్న నన్ను ఆయనే ఆపాడు. ఆవిరి మొహాన కొడుతుందట. చల్లారాక క్లిప్పు బిగించి నీళ్లు పోసుకోవడానికి పది నిమిషాలు. అంతకుముందు బానెట్ దగ్గర పోయింది గంటా పది నిమిషాలు.

ఆ గంటా పది నిమిషాలకి మూల్యం మూడో రోజున తెలిసింది. మా ఆఫీసు గేటు దగ్గరికి నలుగురు మగవాళ్లు వచ్చారు. బండి రంగు, దాని మీద రాసిన మా సంస్థ పేరు, ఎవరెవరు ఉన్నారు, అన్నీ వాళ్లకి తెలుసు. ఆ రాత్రికి రాత్రే ఆమెని ఇంకో ఊరికి మార్చాల్సి వచ్చింది. 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు అడిగితే షెల్టర్ హోమ్ ఆశ్రయం ఇచ్చి తీరాలి. ఆ సంగతి మనందరికీ కంఠతా వచ్చు. కానీ ఆశ్రయం దాకా మనిషిని చేర్చే బండి మూత తెరవడం మనకి రాదు. గోప్యత గురించి మనం శిక్షణ శిబిరాల్లో గంటలకొద్దీ మాట్లాడతాం. కేసు కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అంత జాగ్రత్తా ఒక తుప్పు పట్టిన లాకు దగ్గర రోడ్డు పాలయింది.

తర్వాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దావిడ, "ఇలాంటి పనులకైనా అనుభవమున్న మగ డ్రైవరుని పెట్టుకుందాం" అన్నారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ ఈ విషయంలో ఆవిడతో ఏకీభవించలేను. ఈ అమ్మాయి రాకముందు మాకు మగ డ్రైవర్లే ఉండేవారు. మంచివాళ్లే. ఒకసారి మేము ఒకామెని ఎక్కడ దించామో మరునాటికి ఆమె అత్తవారికి తెలిసిపోయింది. మా డ్రైవరు ఎవరికీ అమ్ముడుపోలేదు. బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతూ మాటల్లో చెప్పాడు, అంతే. పైగా, మగ డ్రైవరుని పెట్టుకోవడమంటే ఈ పిల్ల ఉద్యోగం తీసేయడమే కదా? బానెట్ తెరవడం ఆమెకి నేర్పనిది మనం. శిక్ష ఆమెకా?

అసలు నేర్పవలసినదేమిటో మనం ఎప్పుడైనా ఆలోచించామా? 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో డ్రైవింగ్ స్కూళ్ల కోసం రాసిన పాఠ్యక్రమంలో వాహనం యంత్రభాగాలూ మరమ్మతులూ అనే విభాగం ఒకటుంది. కాగితం మీద ఉంది. మేము మా బ్యాచి అమ్మాయిలని పంపిన స్కూల్లో బానెట్ ఒక్కసారి కూడా ఎత్తి చూపించలేదని వాళ్లే చెప్పారు. మేము కూడా అడగలేదు. స్టీరింగ్, గేర్లు, బ్రేకు, లైసెన్సు, ఒక గ్రూపు ఫోటో. దాతలకి పంపే నివేదికలో ఆ ఫోటో బాగుంటుంది. ఆ బ్యాచిలో ఎక్కువమంది ఇవాళ బండి నడపడం లేదు. మా అమ్మాయి కూడా మా దగ్గర చేరకముందు ఒక ట్రావెల్స్ ఆఫీసుకి పని కోసం వెళ్లింది. యజమాని అడిగింది ఒకటే ప్రశ్న: "దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తావు?" తను జవాబు చెప్పలేకపోయింది. ఆ మాట నాకు అప్పుడే చెప్పింది. అది పితృస్వామ్య అహంకారమని నేను తేల్చేసి ఆమెని ఓదార్చాను. అహంకారం ఉంటే ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నేర్పాల్సిన బాధ్యత నాది, నేను నేర్పలేదు.

మరమ్మతు మగవాడి పని అనే అభిప్రాయం ఇళ్లలోనే కాదు, చట్టంలో కూడా ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చదవండి. తిరుగుతున్న యంత్రాన్ని పరిశీలించడం, నూనె పెట్టడం లాంటి పనులు ప్రత్యేక శిక్షణ పొంది, ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు వేసుకున్న వయోజన పురుష కార్మికుడే చేయాలని అందులో రాశారు. తిరుగుతున్న ఇంజన్నీ, అది తిప్పే యంత్రభాగాలనీ స్త్రీలూ పిల్లలూ శుభ్రం చేయకూడదు, నూనె పెట్టకూడదు, సర్దకూడదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఈ చట్టమే నడిచింది. ప్రమాదం నిజమే, కాదనను. చీరకొంగు బెల్టులో పడితే ప్రాణమే పోతుంది. అయితే దానికి మందు కూడా ఆ వాక్యంలోనే ఉంది చూడండి: శిక్షణ, బిగుతు దుస్తులు. ఆ రెండూ స్త్రీకి ఇవ్వవచ్చునని రాసినవాళ్లకి తోచలేదు. తిరిగే యంత్రం సంగతి అలా ఉండగా, ఆపేసి ఉన్న కారు ముందు నిలబడి కూడా మనం పక్కకి జరుగుతున్నాం.

నిజానికి కారు మరమ్మతు చరిత్ర ఒక స్త్రీతోనే మొదలయిందని చెప్పవచ్చు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకి చెప్పకుండా తీసి, ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసుకుంది. తీగ మీద తొడుగు పోతే మేజోళ్లు కట్టుకునే పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే దారిలో చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది. పుట్టింటికెళ్లే ఆడదాని దగ్గర ఉండే వస్తువులే అవన్నీ.

మన దగ్గర కూడా ఇలాంటివారు లేకపోలేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీల టైర్లు విప్పి పంక్చర్లు వేసే ఆదిలక్ష్మి గురించి కొన్నేళ్ల క్రితం పత్రికల్లో వచ్చింది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక తండా నుంచి వెళ్లిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు అయింది. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు నడపడానికి ఆమెకి ఇంకో పదేళ్లు పట్టింది. ఇలాంటి వార్తలు చూసినప్పుడల్లా 'మొదటి మహిళ' అని సన్మానం చేసి శాలువా కప్పుతాం. రెండో మహిళ, పదో మహిళ ఎక్కడి నుంచి వస్తారో మాత్రం ఆలోచించం.

సరే, నేను చేసిన పని చెబుతాను. తర్వాతి ఆదివారం మా అమ్మాయినీ, మరో ఇద్దరు కార్యకర్తలనీ తీసుకుని రాజమండ్రిలో మా బండి బాగుచేసే షెడ్డుకి వెళ్లాను. మేస్త్రి మొదట ఇబ్బందిపడ్డాడు. "మీకెందుకండి ఈ మసి, రేపటికి చేసి పంపిస్తాను కదా" అన్నాడు. చేసి పంపించడం కాదు, చేసి చూపించమన్నాం. రెండు గంటలు కూర్చున్నాం. అక్కడ నేర్చుకున్నది మీకు కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పాత జీపులకి బానెట్ పక్కనే బయటికి కనబడేలా కొక్కేలు ఉండేవి. ఎవరైనా తీయవచ్చు. కార్లలో దొంగల భయంతో ఆ పనిని లోపలికి మార్చారు. లివర్ లాగితే తొడుగులో ఉన్న ఒక ఉక్కు తీగ ముందుదాకా వెళ్లి లాకుని లాగుతుంది. లాకు ఒక గోరులాంటిది. బానెట్‌కి కింద ఉన్న ఇనపకొంకిని పట్టుకుని ఉంటుంది. గోరు వదిలితే స్ప్రింగు బానెట్‌ని రెండు వేళ్ల ఎత్తు లేపుతుంది. అప్పుడు కూడా పూర్తిగా తెరుచుకోదు. అంచు కింద వేళ్లు పెట్టి తడిమితే ఇంకో చిన్న కొక్కెం తగులుతుంది. దాన్ని పక్కకో పైకో నొక్కాలి. దారిలో లాకు వదిలేసినా గాలికి బానెట్ లేచి అద్దానికి కొట్టుకోకుండా ఆపేది ఇదే. అందుకని ఈ ఒక్క కొక్కెం మీదే ఆధారపడి బండి నడపకూడదు.

మా బండికి వచ్చిన జబ్బు రెండు రకాలు. తీగ కొంచెం సాగింది, అందుకని లాగినంత లాగుడు ముందుదాకా చేరటం లేదు. లాకులో గ్రీజు ఎండిపోయి ఇసుకదుమ్ము చేరి తుప్పు పట్టింది. ఇసుక లారీలు తిరిగే రోడ్లలో తిరిగే బండి, తుప్పు పట్టకేం చేస్తుంది! పైనుంచి నొక్కితే గోరు మీద బరువు తగ్గి కొద్దిపాటి లాగుడికే వదులుతుంది. పడవ పెద్దాయన చేసింది అదే. లివర్ చేతికి బరువుగా ఉండి కదలకపోతే సాధారణంగా లాకు బిగుసుకుందని. అడ్డేమీ లేకుండా జారిపోతే తీగ తెగిందనో కొక్కెంలోంచి ఊడిందనో అనుకోవాలి. లివర్ దగ్గరే ఊడితే కటింగ్ ప్లేయరుతో లోపలి తీగని పట్టుకుని లాగవచ్చు. ముందు వైపు తెగితే ముందు జాలీలోంచో, కింద నుంచో పొడుగు స్క్రూడ్రైవరు పెట్టి గోరుని తప్పించాలి. అది షెడ్డులో చేసే పని. ఎక్కడా బలం పెట్టి ఒక్క ఊపున లాగకూడదు. పిడి ఎందుకు విరిగిందో మాకు అప్పుడర్థమైంది.

తెరుచుకున్నాక కిరసనాయిలుతో, పాత పళ్ల బ్రష్షుతో లాకు కడిగి, తుడిచి, గ్రీజు పెట్టాలి. తర్వాత మేస్త్రి చూపించిన ఒక్క సంగతికే నేను ఆ రెండు గంటలూ కూర్చోవచ్చు. బానెట్ మూయకముందు, తెరిచి ఉండగానే స్క్రూడ్రైవరుతో గోరుని నొక్కి, అది మూసుకున్నాక లోపల లివర్ లాగించాడు. గోరు వదిలింది. "ఇలా వదిలిందని చూసుకున్నాకే మూత వెయ్యాలండి. చూడకుండా మూసేస్తే మళ్లీ మొదటికొస్తాం" అన్నాడు. ఇది మా అమ్మాయి చేత మూడుసార్లు చేయించాడు. నాలుగోసారి నేను చేశాను. చేతికంటిన గ్రీజు రెండు రోజులు పోలేదు. తీగ మార్చాం, కొత్త పిడి వేయించాం. అయిన ఖర్చు ఆ నెల మా ఆఫీసు టీ, బిస్కట్ల పద్దు కన్నా తక్కువ.

పట్టిసీమలో ఎత్తిపోతల పథకం ఉన్నది అందరికీ తెలిసిందే. 2015లో మొదలుపెట్టి 24 పంపులు బిగించి, గోదావరి నీళ్లని పోలవరం కుడికాలువలో పోసి కృష్ణానదికి పంపిస్తున్నారు. మనిషి తలుచుకుంటే ఏరుని కూడా ఎత్తిపోస్తాడని దాన్ని చూసినవాళ్లు అంటుంటారు. ఆ రోజు ఆ పంపుల ఊళ్లోనే నలుగురు ఆడవాళ్లం ఒక రేకు మూత ఎత్తలేక నిలబడ్డామన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన సంస్థలు చాలావాటికి ఇవాళ బండ్లున్నాయి. వాటి బాగోగులు ఎవరు చూస్తారని అడిగితే "డ్రైవరు చూసుకుంటాడు" అంటాం. ఆ 'డు' గురించి మనం పట్టించుకోం. మన భాషలో పురుషాధిక్యత గురించి వ్యాసాలు రాసే నేను కూడా మొన్నటిదాకా అలాగే అన్నాను. ప్రతి సంస్థా కనీసం తమ బండిలో తిరిగే కార్యకర్తలందరికీ బానెట్ తెరవడం, నీళ్లూ నూనే చూసుకోవడం, చక్రం మార్చుకోవడం నేర్పించాలి. డ్రైవింగ్ శిక్షణకి డబ్బిచ్చేవాళ్లని ఈ రోజులకి కూడా పద్దు రాయమని అడగాలి. ఆడవాళ్లందరూ మెకానిక్కులు కావాలని నేననటం లేదు. బండి ఆగినప్పుడు ఎవరిని పిలవాలో, పిలవాలో వద్దో నిర్ణయించుకునే వీలు మన చేతిలో ఉండాలంటున్నాను. ఆ రోజు మాకు ఆ వీలు లేదు.

ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో ఉంది. కుట్టుపని చేసుకుంటోంది, బిడ్డ అంగన్‌వాడీకి వెళుతోంది. కేసు ఇంకా నడుస్తోంది. మా అమ్మాయి ప్రతి సోమవారం ఉదయం బానెట్ తెరిచి, చూసి, మూసి రిజిస్టరులో సంతకం చేస్తోంది. బండిలో కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, గ్రీజు డబ్బా ఉన్నాయి. కొత్త బ్యాచికి మూడు రోజులు మరమ్మతు శిక్షణ పెట్టాలని కార్యవర్గంలో తీర్మానం కూడా అయింది. నేర్పడానికి వచ్చే మేస్త్రికి రోజుకెంత ఇవ్వాలన్న దగ్గర మాత్రం తేలలేదు. చట్టం గురించి చెప్పడానికొచ్చే వకీళ్లకి ఎంత ఇస్తామో ఇతనికీ అంతే ఇవ్వాలని నా వాదన. ఖజానా చూసే మిత్రురాలు ఒప్పుకోవటం లేదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.